విపత్సూచి సాక్ష్యం

2074 నాటికి నరసాపురం తీరంలో తెల్లవారి లేచిన మనిషి ఆకాశం వైపు చూడడం మానేశాడు. గుమ్మం పక్కన, కరెంటు మీటరు పైన బిగించిన అరచేతంత పలకను చూసేవాడు. బీమా కంపెనీ దానికి విపత్సూచి అని పేరు పెట్టింది. దాని మీద కదిలే ముల్లును చూసి జనం సూది అనేవారు. తుఫాను వస్తే ఆ ఇంటికి ఎంత నష్టమో ఏ రోజుకారోజు లెక్కకట్టి, ఆనాటి ప్రీమియం అదే నిర్ణయించేది. ఉపగ్రహాల నుంచీ సముద్రంలో తేలే సెన్సర్ల నుంచీ దానికి కబుర్లు అందుతూనే ఉండేవి. సూది ఎర్రగీత దాటిందంటే ఆ ఇంటికి బ్యాంకు అప్పివ్వదు, ఆ వీధిలోకి అద్దెకు వచ్చేవాడుండడు.

ఆ తీరంలోని మెరకపాలెం రొయ్యల చెరువుల ఆసామి కాశీపతిరాజుకు ఆ పలకంటే ఒళ్ళుమంట. తన ఇంటికి బిగించిన పలకను గునపంతో పగలగొట్టించి, ఆ ముక్కల్ని కంపెనీ ఏజెంటు కారు మీద పోయించాడు. వాతావరణం మారిపోతోందన్నది బీమావాళ్ళు అల్లిన కథ అని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చేవాడు. తుఫానులు తాతల నాడూ వచ్చాయనీ, సముద్రం అప్పుడూ పొంగిందనీ, కొత్తగా వచ్చిందల్లా మన భయాన్ని మనకే అమ్మే యంత్రమనీ చెబితే జనం చప్పట్లు కొట్టేవారు. అందరికంటే గట్టిగా కొట్టేది అబ్బులు. ఏళ్ళ తరబడి రాజు చెరువులకు కాపలా కాసి, కూడబెట్టినదంతా పోసి, నిరుడు ఆయన దగ్గరే సముద్రం పక్క చెరువొకటి కొనుక్కున్నాడతను.

ఆ వేసవిలో మెరకపాలెంలోని ప్రతి సూదీ ఎర్రగీత దాటింది. రాజు ట్రిబ్యునల్‌కెక్కాడు. సాక్ష్యం మనుషులు చెప్పడం కాదు, యంత్రమే చెప్పాలని పట్టుబట్టాడు.

విచారణ రోజు హాలు కిక్కిరిసిపోయింది. విపత్సూచిని తయారుచేసిన డాక్టర్ మేరీ కుసుమ, లెక్కలు అర్థం కానివాళ్ళతో వాదన దండగని పక్కవాళ్ళతో రాజుకు వినబడేలాగే అంది. రాజు ఆమె వైపు చూడనైనా చూడకుండా, యంత్రం గొంతు వినిపించే స్పీకరు ముందు నిలబడ్డాడు.

“మా తీరంలో నిరుటికంటే ఈ ఏడు సముద్రం వేడెక్కిందా?”

“లేదు,” అంది యంత్రం. “ముప్పై ఏళ్ళ లెక్క తీస్తే బాగా వేడెక్కింది.”

“నేనడిగింది ఈ ఏడాది సంగతి. మరి సూదెందుకు పైకి పోయింది?”

“మీ ఊరివాళ్ళ వల్ల.”

హాల్లో కలకలం రేగింది. న్యాయమూర్తి గద్దించాక కుసుమ లేచి, కంపెనీ అంతవరకు దాచిన విషయం బయటపెట్టక తప్పలేదు. విపత్సూచిలో ఆచరణ గణన అనే భాగం ఒకటుంది. మనుషులు చెప్పేది అది వినదు, చేసేదే చూస్తుంది. ఎవరు ఎక్కడ పడుకుంటున్నారు, ఏ సామాను మేడ మీదికెక్కింది, ఏ భూమి ఎవరి పేరుకు మారిందీ ఫోన్ల నుంచీ మీటర్ల నుంచీ రిజిస్ట్రేషన్ల నుంచీ ఏరుకుంటుంది. ఒడ్డున పుట్టి పెరిగినవాడికి నీటి తీరు ఉపగ్రహం కంటే ముందే తెలుస్తుంది, కానీ నోరు విప్పి చెప్పడు. అందుకని ఆ భాగం పెట్టామంది.

ఇది దొంగచూపేనని తేలిపోయింది. రాజు అక్కడితో ఆగి ఉంటే గెలిచినట్టే. కానీ వెనక కూర్చున్న జనం చప్పట్లు ఆయన తలకెక్కాయి.

“మావాళ్ళెవరూ భయపడలేదు. ఒక్కడి సంగతి చెప్పమనండి. నాదే చెప్పమనండి, నాకేం అభ్యంతరం లేదు.”

న్యాయమూర్తి ఒకటికి రెండుసార్లు అడిగి, అనుమతించాడు.

“మీరు సముద్రం పక్క చెరువులన్నీ అమ్మేశారు,” అంది యంత్రం. “మీ కుటుంబాన్ని తాడేపల్లిగూడెంలో పెట్టారు. తుఫానుల కాలంలో మీరు ఒక్క రాత్రయినా మెరకపాలెంలో పడుకోలేదు. ఆ ఊళ్ళో సూదిని అందరికంటే ఎక్కువగా పైకి నెట్టింది మీరే.”

రాజు వెనక్కి తిరగలేకపోయాడు. వీపు మీద అందరి చూపులూ ఆనినట్టనిపించింది. ఆయన లాయరు తేరుకుని, కంపెనీ మాటేమిటని అడిగాడు. కంపెనీ కూడా ఇక్కడి పాలసీలన్నిటినీ గుట్టుగా మరో సంస్థకు అంటగట్టి వదిలించుకుందనీ, దాన్ని కూడా లెక్కలో కలిపాననీ యంత్రం చెప్పింది. ఆ మాట కుసుమకే తెలియదు. ఆమె తన అధికారుల వైపు తిరిగేసరికి వాళ్ళు తలలు దించుకున్నారు.

ఆచరణ గణనను తీసేయాలని తీర్పొచ్చింది. మర్నాడు మెరకపాలెంలో సూదులన్నీ ఎర్రగీత దిగి పచ్చరంగులోకి వచ్చాయి. తనను రాళ్ళతో కొడతారనుకున్న రాజును ఊరు డప్పులతో ఎదురొచ్చి తీసుకెళ్ళింది. వాళ్ళు తనను క్షమించలేదనీ, ఏ ముఖంలోనూ తనపట్ల ఇష్టం లేదనీ ఆయనకు తెలుస్తూనే ఉంది. సూది దిగింది, వాళ్ళకు అది చాలు.

సాయంత్రం అబ్బులు వచ్చాడు. అరుగు మీద ఒంటరిగా ఉన్న రాజు, వాడి చేతుల్లో ఏముందోనని ముందు చేతులే చూశాడు. ఏమీ లేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“అన్నీ తెలిసి నాకెందుకు అమ్మారండి?”

“నువ్వే కదరా కావాలని అడిగావు.”

అబ్బులు కొడతాడనో ఏడుస్తాడనో అనుకున్నాడు రాజు. వాడు గొంతు తగ్గించి చెప్పాడు.

“పెనుగొండ అవతల్నించి ఒకాయన నా చెరువు చూడ్డానికొస్తున్నాడండి. సూది పచ్చగా ఉందని ఆశపడుతున్నాడు. కొత్తాయన, ఇక్కడి సంగతులేవీ తెలియవు. రేపు మీరొచ్చి, మీటింగుల్లో చెప్పే మాటలే ఆయనకీ చెప్పాలండి.”

“వాడెవడో పాపం…” అన్నాడు రాజు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందంటే ఆయనకే వింతగా ఉంది.

“నేనూ ఎవడో ఒకణ్ణే కదండీ అప్పుడు.”

రాజు వాడి ముఖంలోకి చూశాడు. అక్కడ కోపం లేదు. కోపం ఉన్నా బాగుండుననిపించింది.

“ఎన్నింటికి రమ్మంటావు?” అని అడిగాడు.