దగ్గర కూర్చున్నవాళ్లు

పాలు పొయ్యి మీద పెట్టి చిన్నకోడలు వెనక్కి తిరిగేసరికి, తోడికోడలు తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. క్షయకి మందులు వాడుతూ నెలలు గడిచాయి. ఇక ఆమె నుంచి ఎవరికీ అంటదని డాక్టరు నిన్ననే చెప్పింది. ముఖం తేటపడింది కానీ ఒంటి మీద రవిక ఇంకా వదులుగానే వేలాడుతోంది.

“పొద్దున్నే ఎక్కడికక్కా?”

“నా దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్లల ఇళ్లకి. చెప్పి వస్తాను.”

చిన్నకోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. వీధిలో అందరికీ ఆమెకి కడుపులో పుండని చెప్పారు. ఆసుపత్రిలో నర్సు, ‘ఇంట్లోవాళ్లు కాక ఇంకెవరైనా ఈమెతో దగ్గరగా మసిలారా?’ అని అడిగినప్పుడు, పెద్దకోడలు నోరు తెరిచేలోపే అత్తగారు ‘ఎవరూ లేరమ్మా’ అనేసింది. ఆ మాటని ఇంటిల్లిపాదీ ఇన్నాళ్లూ కాపాడుకుంటూ వచ్చారు.

అత్తగారు లోపలి నుంచి విసురుగా వచ్చింది. “నాలుగు గోడల మధ్య రోగాన్ని వీధికెక్కిస్తావా? రేపు నీ మిషను మీద ఈగ కూడా వాలదు!”

“మంచిదే కదా అత్తయ్యా, గుడ్డల మీద మరకలు పడవు.”

“నవ్వులాటగా ఉందా నీకు? చిన్నదానా, నువ్వైనా చెప్పవే!”

“అవునక్కా. ఎంత కష్టపడి నిలబెట్టుకున్నావు ఆ కుట్టుగదిని! నీకెలాగూ నయమైంది. వాళ్లకేమైనా ఉంటే ఈపాటికి దగ్గు రాదా?”

పెద్దకోడలు నిదానంగా చెప్పింది. “రావాలని లేదు. క్రిమి ఒంట్లో నిద్రపోయి ఎప్పుడో లేస్తుందట. నిద్రలో ఉండగానే దాని పని పట్టాలి. కొలతల కాగితాలు గాలికి ఎగిరిపోతాయని ఆ గది కిటికీలు మూయించింది నేను. బొత్తాలకి కాజా కుట్టడం నేర్పాలంటే తలా తలా ఆనించి కూర్చోవాలి. అలా కూర్చునే వాళ్ల మొహాల మీద దగ్గాను, చెల్లీ.” చిన్నకోడలి వైపు ఒక అడుగు వేసింది. “అందరికన్నా దగ్గరగా కూర్చున్నదానివి నువ్వు. నీ మాత్రలు పంచదార డబ్బా వెనక అలాగే ఉన్నాయి.”

చిన్నకోడలి మొహం మాడిపోయింది. ఎక్స్‌రే బాగానే ఉంది, కానీ ఇంట్లో ఆమె ఒక్కదానికే ఒంట్లో క్రిమి దాగి ఉందని రక్తపరీక్షలో తేలింది. జబ్బు రాకుండా ముందుగా వాడమన్న మాత్రలవి. మింగితే తనూ రోగిష్టిదని ఒప్పుకున్నట్టేనని ఆమె భయం.

పెద్దకోడలు మెట్లు దిగిపోయింది. “వెనక్కి లాక్కురా!” అని అత్తగారు అరిస్తే, చిన్నకోడలు పొయ్యి ఆర్పి పరుగెత్తింది. అందుకునేసరికి ఆమె పక్కవీధిలో బస్సు కండక్టరుగా చేసే ఆవిడ ఇంటి ముందుంది. తలుపు అప్పటికే తెరుచుకుంది.

“నాకు వచ్చింది కడుపులో పుండు కాదండీ, క్షయ. మందులతో తగ్గింది. మీ అమ్మాయి నా పక్కనే కూర్చునేది. తనకి పరీక్ష చేయించాలి.”

కండక్టరమ్మ భుజాన సంచి జారిపోయింది. “ఇప్పుడా చెప్పేది? ఇన్నాళ్లూ నోటికి తాళం వేసుకున్నారా? పని నేర్పమని పంపితే రోగం అంటించి పంపిస్తారా?”

పక్క వాటాల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. చిన్నకోడలికి భూమి చీలితే బాగుండుననిపించింది. పెద్దకోడలు మాత్రం తల దించలేదు.

“తిట్టండి. సాయంత్రం వచ్చి మళ్లీ నిలబడతాను, మిగిలినవి అప్పుడు తిట్టండి. ముందు పిల్లని తీసుకెళదాం. ఎవరిని కలవాలో నాకు తెలుసు, నేనూ వస్తాను. జబ్బేమీ లేకపోయినా, క్రిమి ఉంటే మాత్రలు వాడమంటారు.”

“జబ్బు లేని పిల్లకి మాత్రలా? మీ ఇంట్లో ఎవరైనా మింగుతున్నారా?”

పెద్దకోడలు తోడికోడలి పేరెత్తలేదు. పక్కకి చూడనూ లేదు. నింద మొత్తం తన మీదే పడనిచ్చి, ఆమెని కాచుకుంటూ అలాగే నిలబడింది. తను వెనక్కి లాగడానికి వస్తే ఈమె తనని వెనకేసుకొస్తోంది! చిన్నకోడలి కళ్లు నిండిపోయాయి.

“నన్ను మింగమన్నారండీ,” అంది ముందుకొచ్చి. “భయపడి దాచేశాను. మా అక్క రోజూ చెబుతున్నా వినలేదు. ఇవాళ మీతోపాటు వస్తాను. ఎలా వాడాలో మళ్లీ అడిగి, మీ అమ్మాయి ఎదుటే మొదలుపెడతాను.”

కండక్టరమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. కోపం తగ్గినట్టు లేదు. కానీ లోపలికి తిరిగి కేకేసింది. “ఏమేవ్, చెప్పులేసుకుని రా! నేను డ్యూటీ మార్చుకుంటాను.”

అమ్మాయి తయారయ్యేలోగా ఇద్దరూ మెట్ల మీద నిలబడ్డారు. పెద్దకోడలు కొంగు చివర వేలికి బిగించి చుట్టుకుంటోందని చిన్నకోడలు అప్పుడు గమనించింది. ఆ చెయ్యి పట్టుకుంది.

“ఇంత భయం పెట్టుకుని ఎలా వచ్చావక్కా?”

“రాకపోతే ఇంకా భయమేసేది.”

“తర్వాత ఎవరింటికి?”

“పైన వాటా.”

“నువ్విక్కడే ఉండు, ఊపిరి తీసుకో,” అని చిన్నకోడలు కళ్లు తుడుచుకుంది. మెట్లెక్కి ఆ తలుపు తనే తట్టింది.