వెనిలా డబ్బా

చాముండేశ్వరికి ఖాళీ డబ్బా పారేయడం చేతకాదు. అమెరికాలో, క్యారీ ఊళ్లోని కూతురి ఇంటికి వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఆ ఉదయం కూడా ఐస్‌క్రీం డబ్బా కడిగి, తుడిచి, అందులో మెంతికూర పప్పు సర్ది ఫ్రిజ్‌లో పెట్టింది. పక్కనున్న పెరుగు డబ్బాలో బీరకాయ కూర ఉంది.

కూతురు రాగిణి అప్పటికే ఆఫీస్‌కి వెళ్లిపోయింది. ఆమె తండ్రి పద్మనాభంగారికి షుగర్ బాగా పెరిగిందనీ, మూడు నెలల్లో తగ్గకపోతే ఇన్సులిన్ తప్పదనీ మూడు నెలల కిందట డాక్టర్ చెప్పాడు. ఆ రోజే రాగిణి ఆయన ఫోన్‌లో ఒక యాప్ పెట్టింది. ఏది తిన్నా ముందు డబ్బా స్కాన్ చేయమంది. మంచి తిండికి ఆకుపచ్చ ఆకు, చెడ్డదానికి ఎర్ర చుక్క. స్కాన్ చేసిన డబ్బాలను బట్టి ఇంట్లో ఎంత ప్లాస్టిక్ కొన్నారో కూడా అది లెక్క కడుతుంది. అవన్నీ రాగిణి ఫోన్‌కి వస్తాయి. తీపి ముట్టనని పద్మనాభంగారు కూతురి చేతిలో చెయ్యి వేసి చెప్పారు.

కాకినాడలో ఉండగా ఆయన స్కూటర్ డిక్కీలో కాజాలు దాచుకుని దొరికిపోయిన సంగతి రాగిణి మరచిపోలేదు. అందుకే నెల రోజులుగా తన ఫోన్‌లో రోజూ వెనిలా ఐస్‌క్రీం అని ఎర్ర చుక్క కనబడితే వెంటనే నమ్మేసింది. ఎన్నాళ్లో ఓర్చుకుంది. రక్తపరీక్ష ఫలితం రావలసిన ఆ మధ్యాహ్నం ఇక ఆఫీస్‌లో కూర్చోలేక ఇంటికి వచ్చేసింది.

పద్మనాభంగారు అప్పుడే డబ్బా స్కాన్ చేసి కంచం ముందు కూర్చున్నారు.

"మళ్లీ ఐస్‌క్రీమేనా నాన్నా? నాకిచ్చిన మాట ఏమైంది?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. "నేను తినలేదు అమ్మలూ."

"మరి ఫోన్ అబద్ధం చెబుతోందా?"

"అయితే నేను చెబుతున్నానా?" అంటూ ఆయన కంచం వదిలి పెరటి డెక్ మీదికి వెళ్లిపోయారు.

చాముండేశ్వరి డబ్బాని కూతురి ముందుకు జరిపింది. "మూత తీయవే. ఐస్‌క్రీంకి ఇంగువ పోపు ఏ ఊళ్లో పెడతారో నువ్వే చెప్పు."

రాగిణి మూత తీసింది. మెంతికూర, ఎండుమిరపకాయ కనబడ్డాయి.

"డబ్బా స్కాన్ చేయమన్నావు. ఒక్కపూట మానకుండా చేశారు. ఆ వెనిలా డబ్బా ఒక్కటే, కడిగి కడిగి వాడుతున్నాను. ఎన్ని కొన్నామంటోంది నీ యాప్?"

ముప్ఫై ఒకటి అంటోంది. రాగిణికి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. లోపల ఏముందో యాప్‌కి చెప్పడం తను వాళ్లకి నేర్పనే లేదు. తండ్రిని ఒక్కసారైనా అడగనూ లేదు.

అంతలో క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చింది. అది రెండుసార్లు చదువుకుని డెక్ మీదికి పరిగెత్తింది. ఆయన కుర్చీ పక్కన నేల మీదే కూర్చుని, మోకాలి మీద తల పెట్టింది.

"షుగర్ తగ్గింది నాన్నా. ఇన్సులిన్ అక్కర్లేదట. నేనే... నిన్ను నమ్మలేదు."

పద్మనాభంగారు ఆమె తల నిమిరి, "కాజాలు దాచింది నేనే కదే. ఆ మచ్చ ఇవాళ్టికి పోయింది, చాలు," అన్నారు.

ముగ్గురూ మళ్లీ భోజనానికి కూర్చున్నారు. రాగిణి యాప్ తెరిచి, ఐస్‌క్రీం తీసేసి, మెంతికూర పప్పు అని తన చేత్తో రాసింది. ఆకుపచ్చ ఆకు వెలిగింది. పద్మనాభంగారు ఫోన్ అందుకుని దాన్ని భార్యకి చూపించారు, అవతలి కుర్చీలో ఉన్న కూతురికి మళ్లీ చూపించారు. తరువాత కంచం ముందుకు జరిపారు.

"ఇంకాస్త ఐస్‌క్రీం వెయ్యి, చాముండీ."