ఉత్తుత్తినే పడకూడదు

అద్దాలు బిగించడానికి పిలుస్తారు గానీ, పీకడానికి కూడా మనిషిని పిలుస్తారని మన అద్దాలబ్బాయికి ఆ రోజే తెలిసింది.

మేడ మీద పెద్ద హాలు. ఒకప్పుడు డాన్స్ క్లాసు నడిచేదట, ఒక గోడంతా నిలువుటద్దాలే. నేల నిండా కొత్తగా పరిచిన మ్యాట్లు. మధ్యలో తెల్లటి జూడో డ్రెస్సు మీద నల్ల బెల్టు కట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. కొత్త కోచ్ ఆవిడేనట.

"ఇంత మంచి అద్దాలండీ! ఒక్క గీత లేదు. తీయించేయడానికి మీకు మనసెలా ఒప్పింది? ఒక్కసారి ఇటు తిరిగి చూసుకోండి, గోడంతా మీరే!" అన్నాడు. కాస్త సరసం కూడా కలిపాడు లెండి, అబద్ధమెందుకు.

"చూసుకోలేనండీ. నాకు కళ్ళు కనపడవు. కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే."

వెధవ నోరు! అద్దాలబ్బాయికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీరిప్పుడు సారీ చెప్పబోతున్నారు. వద్దు, పని చూడండి," అంది నవ్వుతూ. "క్లాసులో అందరూ ఎదుటివాణ్ణి వదిలేసి అద్దంలో క్రాఫు చూసుకుంటున్నారు. అందుకే తీయిస్తున్నాను."

"అది మీకెలా..." మళ్ళీ నోరు జారింది.

"చూపు పక్కకి పోయిందంటే పట్టు వదులవుతుంది. కాలర్ పట్టుకున్న చేతికి అన్నీ తెలిసిపోతాయి."

నిలువెత్తు అద్దం ఎత్తుకుని అతను మెట్లు దిగుతుంటే, కింద నుంచి కోచ్ వాళ్ళ అన్నయ్య పరుగెత్తుకుంటూ వచ్చి ఢీకొట్టాడు. పాపం, పడింది అన్నయ్యే. అద్దాలబ్బాయి ఇసుమంతైనా కదల్లేదు.

"మనిషివా, గోడవా నాయనా?" అని అన్నయ్య మోకాలు రుద్దుకున్నాడు. 

"అద్దం చేతిలో ఉంటే నేను పడకూడదు కదండీ. పడితే మా అమ్మ ఊరుకోదు."

పైనుంచి కోచ్ నవ్వు వినిపించింది. ఆ నవ్వుతోనే మనవాడి పని అయిపోయింది. మర్నాడు సాయంత్రం జూడో క్లాసులో చేరిపోయాడు.

నెలలు గడిచాయి. బాగానే నేర్చుకున్నాడు. అందర్నీ పడేసేవాడు. కోచ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఆవిడ అలా కాలర్ పట్టుకోవడం ఆలస్యం, ధబీమని పడిపోయేవాడు.

ఒక సాయంత్రం వాన దంచి కొడుతోంది. వాళ్ళిద్దరూ, ఫోన్ చూసుకుంటూ మూల కూర్చున్న అన్నయ్యా తప్ప ఎవరూ రాలేదు.

"పట్టు," అంది కోచ్. ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. లాగింది. పడ్డాడు.

"లే. మళ్ళీ."

మళ్ళీ పడ్డాడు. ఈసారి ఆవిడ ఇంకా లాగనేలేదు!

"ఎన్నాళ్ళ నుంచీ నటిస్తున్నావు?"

"నటనేంటండీ... మీరు లాగారు, నేను..."

"మా అన్నయ్య వచ్చి గుద్దుకున్నా మెట్ల మీద కదలనివాడివి. నేను చెయ్యి వేస్తే చాలు, పడిపోతావా? ఎవర్ని మోసం చేద్దామని?"

"మీకు దెబ్బ తగులుతుందేమోనని..."

అనేశాక గానీ ఎంత మాటన్నాడో తెలియలేదు. కోచ్ ముఖం ఎర్రబడింది.

"చిన్నప్పట్నుంచీ అందరూ ఇంతే. నేనేం చేసినా చప్పట్లు కొడతారు. బాగా చేశానో లేదో నాకు తెలియనివ్వరు. ఈ మ్యాట్ మీద ఒక్కచోటే నాకు నిజం తెలుస్తుంది. ఇక్కడ కూడా జాలి పడతావా? రేపట్నుంచి రాకు."

గొడుగు మర్చిపోయి తడుస్తూ ఇంటికెళ్ళాడు. రాత్రంతా నిద్రపోలేదు. తప్పంతా తనదేనని తెలుసు, అదే ఎక్కువ బాధ.

మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"రావద్దన్నాను."

"వెళ్ళిపోతానండీ. ఒక్కసారి నిజంగా పడేసి పంపించండి."

ఆ రోజు అతను కాళ్ళు పాతుకుని నిలబడ్డాడు. ఆవిడ లాగింది, తోసింది, తిప్పింది. చెమటలు పట్టాయి ఇద్దరికీ. చివరికి అతన్ని భుజం మీంచి తిప్పి మ్యాట్ మీద వేస్తే కిటికీ తలుపులు అదిరాయి.

"ఇదీ!" అంది రొప్పుతూ, ముఖమంతా వెలిగిపోతుంటే. "రేపు టైముకి రా."

అమ్మ అతని వీపుకి మందు రాస్తూ సణిగింది. "పెళ్ళీడుకొచ్చినవాడు పిల్లని వెతుక్కుంటాడు గానీ ఇలా తన్నులు తింటాడట్రా?"

"వెతికానమ్మా. కొట్టింది ఆవిడే."

అమ్మ చెయ్యి ఆగింది. విషయమంతా విని నిట్టూర్చింది. "కళ్ళు లేని పిల్లరా. జీవితాంతం చెయ్యి పట్టుకుని నడిపించాలి. నీ వల్ల అవుతుందా?"

"ఆవిడ చెయ్యి పట్టుకుంటే నేను నేల మీద తేలుతున్నానే అమ్మా! ఒకసారి వచ్చి చూడు."

"చూస్తాను. అప్పటిదాకా అవునూ అనను, కాదూ అనను."

చూడ్డానికి సమయం రానే వచ్చింది. కోచ్‌కి నల్ల బెల్టులోనే పై మెట్టు పరీక్ష. పాసైతే తన శిష్యులకి తనే బెల్టులివ్వచ్చు, ఈ జూడో స్కూలు తన పేరు మీదే నడుస్తుంది. లేకపోతే వేరే మాస్టరు వచ్చి కూర్చుంటాడు, ఆవిడ ఆయన కింద పనిచేయాలి. ఎదురుగా ఉన్నవాణ్ణి నిజంగా పడేయాలి, అదీ పరీక్ష. ఎదురు నిలబడాల్సిన అన్నయ్యకి కాలు బెణికింది. ఇక మిగిలింది అద్దాలబ్బాయే.

పరీక్ష మొదలయ్యే ముందు అన్నయ్య అతన్ని పక్కకి లాగాడు. "బాబ్బాబూ, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కసారికీ కాస్త చూసీ చూడనట్టు పడిపో. అది దాని బతుకురా."

అతను బెల్టు బిగించుకుంటూ ఆలోచించాడు. నిలబడితే ఆవిడ స్కూలు పోవచ్చు. కావాలని పడితే ఆవిడకి తెలిసిపోతుంది, ఇక జన్మలో తనతో మాట్లాడదు. ఏం చేసినా తంటానే.

పరీక్ష పెట్టడానికొచ్చిన పెద్ద మాస్టరు చెయ్యెత్తాడు. ఇద్దరూ పట్టుకున్నారు. కోచ్ వేళ్ళు కాలర్ మీద బిగుసుకున్నాయి. భయం లేదు ఆ పట్టులో. ఆవిడకి లేని భయం తనకెందుకు? పాదాలు గట్టిగా తన్నిపెట్టాడు.

ఆవిడ లాగింది. కదల్లేదు. తిప్పింది. తప్పించుకున్నాడు. ఎదురు తోస్తే ఆవిడే మోకాలి మీదికి జారబోయి నిలదొక్కుకుంది. అన్నయ్య తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, పడరా! నీ మొండితనం మండా!" ప్రేక్షకుల్లోంచి అమ్మ అరుపు.

కోచ్ పెదాల మీద నవ్వు కదిలింది. "మీ అమ్మగారా?" అంది గుసగుసగా.

"అవునండీ. మిమ్మల్ని చూడ్డానికే..."

"మాట్లాడకు. నిలబడు."

వెనక్కి తోసింది. అతను బలమంతా పెట్టి ముందుకి తోశాడు. ఆవిడకి కావాల్సిందీ అదే! చటుక్కున తిరిగి, అతని బలాన్నే వాడుకుని, నడుం మీంచి ఎత్తి కుదేసింది. అతనికి హాలు పైకప్పు కనిపించింది. ఊపిరాగిపోయింది.

చప్పట్లు మార్మోగాయి. ఆవిడ అతని చొక్కా చెయ్యి ఇంకా వదల్లేదు.

"నిజమేనా?"

"నా నడుం సాక్షి."

"అన్నయ్య నిన్ను పడిపొమ్మని అడిగాడు కదూ? వాడి గుసగుస పక్క వీధికి కూడా వినపడుతుంది."

"అడిగాడు. నా వల్ల కాలేదు. నువ్వంటే నాకు ప్రాణం. నీతో అబద్ధమాడలేను." మ్యాట్ మీద పడుకునే, ఎప్పుడు 'నువ్వు' అన్నాడో చూసుకోకుండా అనేశాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"సరిగ్గా వినండి అందరూ," అని పెద్ద మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "ఫలితం..."

"ఒక్క నిమిషం సార్!" అంది కోచ్, అటు తిరక్కుండానే. తర్వాత గొంతు తగ్గించి, "ఒక షరతు. ఇంట్లో కూడా నా కోసం ఉత్తుత్తినే ఓడిపోకూడదు."

"పోట్లాటల్లోనూనా?"

"పోట్లాటల్లో మరీనూ."

"సరే."

"అయితే సరే," అంది. ముఖం వెచ్చగా ఎర్రబడింది. ఈసారి కోపంతో కాదు.

ఆవిడ పాసైందని పెద్ద మాస్టరు రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. మొదటిసారి ఎవరికీ వినపడలేదు. ఎందుకంటే అప్పటికే అమ్మ చెప్పులు బయట వదిలి, మ్యాట్ దాటి వచ్చి, అన్నయ్య భుజం పట్టుకుని హాలు దద్దరిల్లేలా అడుగుతోంది. "ఏం బాబూ, మీ చెల్లెల్ని మా ఇంటికి ఎప్పుడు పంపిస్తావ్?"