డ్రమ్ములో పచ్చ నీళ్లు

"జరగండి, జరగండి! ఇంకో క్యాన్ వస్తంది!"

దీపశ్రీ అరుపుకి స్కూలు గేటు దగ్గర మేస్తున్న మేకలు కూడా పక్కకి తప్పుకున్నాయి. ఆమె వెనకే ఉపేంద్ర రెండు చేతులా నల్లటి ఆయిల్ క్యాన్లు మోసుకొస్తున్నాడు. గురజాల బస్టాండ్ దగ్గర అతనికి ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది.

ఆ శనివారం మధ్యాహ్నం స్కూలంతా ఒకటే సందడి. గేటు పక్కన రేకుల కింద పెద్ద నీలం డ్రమ్ము పెట్టారు. బండ్లలోంచి తీసేసిన పాత ఇంజిన్ ఆయిల్ అందులో పోయాలి. సోమవారం గుంటూరు నుంచి వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. ఆ ఆయిల్‌ని శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు.

"డ్రమ్ము నిండితే వ్యాను నెలనెలా మన ఊరికి వస్తుంది" అని సైన్సు చెప్పే సుధీర్ బాబు సార్ అన్నారు.

అప్పటిదాకా ఆ ఆయిల్‌ని ఎవరికి వాళ్లు మురిక్కాలవలో పారబోసేవారు. వాన పడితే అది వరి పొలాల్లోకి పోయేది. దీపశ్రీ వాళ్ల మడిలో నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలేది. అందుకే ఆరో తరగతి టీముకి తానే లీడర్‌నవుతానని అందరికంటే ముందు చెయ్యెత్తింది.

సాయంత్రానికి డ్రమ్ములో రెండు వేళ్ల వెలితి మిగిలింది. అక్కడికి వచ్చినవాళ్లెవరి దగ్గరా ఇంక ఆయిల్ లేదు.

దీపశ్రీకి కాళ్లు నిలవలేదు. ఒక్క పరుగున ఇంటికెళ్లింది. ఇంజిన్ వేడెక్కకుండా పోసే పచ్చ నీళ్లు, వాళ్ల బాబాయ్ ట్రాక్టర్ రేడియేటర్‌లోంచి తీసినవి, ఒక క్యాన్‌లో ఉన్నాయి. దాన్ని సైకిల్ మీద పెట్టుకుని వచ్చేసింది. గేటు దగ్గర ఆమె ఫ్రెండ్ ఫాయిజా ఒక్కతే ఉంది.

"ఇది పచ్చగా ఉందేందే? ఆయిల్ నల్లగా గదా ఉండేది!" అంది ఫాయిజా.

"ఇదీ ట్రాక్టర్‌లోంచి తీసిందేలే! గరాటు పట్టు."

గుడగుడమంటూ క్యాన్ ఖాళీ అయింది. డ్రమ్ము అంచుదాకా నిండింది. దీపశ్రీ ఎగిరి గంతేసింది.

సోమవారం పొద్దున వ్యాను రానే వచ్చింది. సాబిరా అనే ఆవిడ బూట్లు, గ్లౌజులు వేసుకుని దిగింది. పిల్లలు, టీచర్లు, షెడ్డుల వాళ్లు చుట్టూ మూగారు. ఆమె పొడవాటి గాజు గొట్టాన్ని డ్రమ్ము అడుగుదాకా దించి, పైన బొటనవేలితో మూసి, మెల్లగా పైకి తీసింది.

గొట్టంలో పైనంతా నలుపు. అడుగున మాత్రం పచ్చటి నీళ్లు.

"ఇందులో రేడియేటర్ నీళ్లు కలిశాయి" అంది సాబిరా. "దీన్ని నా ట్యాంకులో పోస్తే అందులో ఉన్న మంచి ఆయిలంతా పాడవుద్ది. తీసుకోలేను."

ఒక్కసారిగా అందరి మొహాలూ వాడిపోయాయి.

"ఎక్కువ క్యాన్లు తెచ్చింది ఉపేంద్రే గదా. ఏం కలిపాడో ఏమో!" అన్నారు వెనకనుంచి ఎవరో.

అందరి చూపులూ ఉపేంద్ర మీదికి తిరిగాయి. "నేనేం కలపలేదండీ" అన్నాడతను.

అసలు సంగతి ఫాయిజాకి తప్ప ఎవరికీ తెలియదు. ఫాయిజా నేల చూపులు చూస్తోంది. ఉపేంద్ర చెవులు ఎర్రబడ్డాయి. ఇంక దీపశ్రీ ఆగలేకపోయింది.

"ఉపేంద్ర అన్న కాదు! నేనే పోశాను!"

"ఎందుకు పోశావమ్మా?" అని అడిగారు సార్.

"డ్రమ్ము నిండాలని సార్."

ఎవరూ తిట్టలేదు. ఉపేంద్ర దగ్గరికొచ్చి, "నన్నొక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి గదమ్మా" అన్నాడు. ఆ మాటకి దీపశ్రీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"తప్పయిపోయింది అన్నా" అంది.

సాబిరా వ్యానులోంచి ఇంకో డ్రమ్ము దించింది. "ఈ డ్రమ్ముని విడిగా పంపిస్తా. నేను మాచర్ల పోయి సాయంత్రం ఇట్టాగే వస్తా. ఇదిగో, ఖాళీ డ్రమ్ము. ఎంత దొరికితే అంత పొయ్యండి. కొంచెమైనా సరే, మంచిదే కావాల."

ఇంకేముంది! సార్ హెడ్మాస్టరు గారి పర్మిషన్ తెచ్చారు. ఉపేంద్ర లారీల వాళ్లకి ఫోన్లు కొట్టాడు. ఫాయిజా ఆటో స్టాండుకి పరిగెత్తింది. దీపశ్రీ ఇంటికి వెళ్లేసరికి నాయనమ్మ శేషమ్మ కొట్టంలో ఉంది. గుంజలకి చెదలు పట్టకుండా పూయడానికి ఆవిడ ఒక క్యాన్ ఆయిల్ దాచుకుంది.

"నాయనమ్మా, ఇందులో ఇంకేం కలపలేదు గదా?"

"ఏం కలుపుతానే? కారప్పొడా?" అని నవ్వి, ఆవిడే క్యాన్ తెచ్చి సైకిలుకి కట్టింది.

ఊరంతా కదిలింది. ట్రాక్టర్ల వాళ్లు వచ్చారు, లారీల వాళ్లు వచ్చారు. ప్రతి క్యాన్ మూతా తీసి ఉపేంద్ర చూశాడు. అతను సరేనన్నాకే దీపశ్రీ గరాటు పట్టింది. పొద్దువాలే వేళకి డ్రమ్ము ముప్పాతిక నిండింది.

దూరంగా వ్యాను హారన్ వినిపించింది. ఉపేంద్ర దారి చూపించడానికి రోడ్డు మీదికి వెళ్లాడు. అప్పుడే ఒక ఆటో ఆయన ఆయాసపడుతూ వచ్చి క్యాన్ అందించాడు.

"ఇదీ పొయ్యి పాపా, తొందరగా!"

దీపశ్రీ మూత తీసింది. లోపల ఉన్నది నల్లగానూ లేదు, పచ్చగానూ లేదు. మట్టిరంగులో ఉంది.

"ఇది దేంట్లోంచి తీశారు మామా?"

"ఏమో, షెడ్డులో ఉంటే తెచ్చా."

"పొయ్యవే! వ్యాను వచ్చేసింది!" అని పిల్లలంతా అరిచారు. ఫాయిజా మాత్రం అరవలేదు, దీపశ్రీ వైపే చూస్తోంది.

దీపశ్రీ మూత బిగించి క్యాన్‌ని దూరంగా గోడ వారన పెట్టింది. గరాటు తీసేసి, డ్రమ్ము మూతి మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

సాబిరా వ్యాను దిగి గాజు గొట్టం దించింది. పైకి తీసింది. అడుగునుంచి పైదాకా ఒకటే నలుపు!

"భేష్! వచ్చే నెల ఏ రోజు రమ్మంటారు సార్?" అందామె.

పిల్లలు ఈలలు, కేకలతో గేటు అదరగొట్టేశారు. దీపశ్రీ కూడా ఒక్క కేక వేసి గోడ దగ్గరికి పరిగెత్తింది. మట్టిరంగు క్యాన్‌ని రెండు చేతులా పట్టుకొచ్చి సాబిరా ముందు పెట్టింది.

"అక్కా, ఇదేందో నాకు తెలియదు. చూసి చెప్పవా?"