చెంప మీది నల్లచార

ముందే ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది మనవలు బడికి వెళ్ళే వయసులో. ఇప్పటికీ ఒత్తులు తడబడతాయి. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి. కథ మాత్రం తిన్నగా చెబుతాను.

పోర్ట్‌బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ దగ్గర, స్కూటర్ల షెడ్డు పైన ఒక గది ఉంది. అందులో వాసవి ఉంటుంది. ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీకి విచారణలు చేసేది, ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌గా సొంతంగా చేస్తోంది. వానలు పట్టి ఓడలు ఆగిపోయిన రోజుల్లో ఆ మెట్లెక్కి వచ్చే మనిషి ఒక్కడే, ఆమె అసిస్టెంటు వీరన్న. రంగత్ బస్సులో కండక్టరుగా చేసి మానేసినవాడు. మేడమ్‌కున్నంత బుర్ర కలకత్తాలో కూడా ఎవరికీ లేదని అతని నమ్మకం.

ఆ రోజు మాత్రం ఇంకొకరు వచ్చారు. గొడుగు ముడవడం కూడా మరిచిపోయి గుమ్మంలో నిలబడ్డారు.

"నేను కళ్ళ డాక్టర్ని. పేరు అపర్ణ," అన్నారామె. "ఎల్లుండి ఒక పెద్దావిడ కన్ను కోయాలి. కోయకూడదేమోనని భయంగా ఉంది."

వాసవి కుర్చీ చూపించింది. "మొదటినుంచి చెప్పండి."

"గ్లకోమా మీద పరిశోధన చేస్తున్నాం. మనవాళ్ళు నీటికాసులంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతుంది. నొప్పి ఉండదు. చూపుని అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది, మధ్యలో చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఆ మనిషికే తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు."

"పరిశోధన దేనికి?"

"ఒత్తిడి దించే చుక్కల మందు ఉంది. అది పొద్దున్న వేస్తే మేలా, రాత్రి వేస్తే మేలా అని చూస్తున్నాం. చుక్క వెయ్యడానికి ఇంట్లోనో పక్కనో ఇంకో మనిషి ఉండాలని మా నియమం. తుష్నాబాద్‌లో శేషమ్మ అని ఒకావిడ ఉంది. చుక్కలు వేసేది తోడికోడలు అచ్చమ్మ అని రాయించింది. మొదట్లో ఆమెకి ఒత్తిడి చక్కగా దిగింది. పోయిన వానాకాలం నుంచి మళ్ళీ ఎక్కుతోంది. ఎడమకన్ను దాదాపు పోయింది. ఇక ఉన్నది కుడికన్ను. మందు పనిచెయ్యకపోతే ఆపరేషన్ తప్పదు. ఉన్న ఒక్క కంటికీ ఆపరేషనంటే నాకు చెయ్యి ఆడదు."

"మందు పడుతోందా?"

"సీసాలు ఖాళీ అవుతున్నాయి. మా పైవాళ్ళేమో, మందు చేరవేసే గోపీచంద్ దాన్ని బయట అమ్ముకుని సీసాల్లో నీళ్ళు నింపుతున్నాడని అంటున్నారు. పోలీసులకి చెబుతామంటున్నారు."

"ఆ మందు ఒంటికి తగిలితే ఏమైనా గుర్తు ఉంటుందా?"

డాక్టరు కాస్త ఆశ్చర్యపోయారు. "ఉంటుంది. రెప్పవెంట్రుకలు ఒత్తుగా పెరుగుతాయి. రోజూ చర్మం మీదికి కారితే అక్కడ నల్లబడి నూగు కూడా వస్తుంది. అందుకే వెంటనే తుడవమని చెబుతాం."

మర్నాడు తుష్నాబాద్ బస్సులో గోపీచంద్ కూడా ఉన్నాడు. ముప్పై దాటినవాడు, నిద్ర లేక కళ్ళు పీక్కుపోయాయి.

"నీళ్ళు కలిపావా?" అని అడిగింది వాసవి.

"అమ్మతోడు దీదీ, లేదు. సీలు వాళ్ళ ఎదుటే తీస్తాను."

"ఎదురుగా ఎవరుంటారు?"

"శేషమ్మగారుంటారు. సీసా తీసుకుని కొంగున కట్టుకుంటారు."

"అచ్చమ్మ? చుక్కలు వేసేది ఆవిడేగా?"

గోపీచంద్ ఆలోచించాడు. "వంటింట్లో ఉంటుంది దీదీ. బయటికి రాదు."

శేషమ్మ ఇంటి పక్కనే భూషణం ఇల్లు. ఒంటరి మనిషి, చుక్కలు వెయ్యడానికి ఎదురింటి కుర్రాడి పేరు ఇచ్చాడు. ఆయనకీ మందు గోపీచందే తెస్తాడు, అదే పెట్టెలోంచి. ఆయన రెప్పలు చూసి వీరన్న నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏం తాతా, పెళ్ళికూతురి రెప్పలు అరువు తెచ్చుకున్నావా?"

"ఊరంతా ఇదే మాట బావూ," అన్నాడు భూషణం. "ఈ వయసులో అందమొచ్చింది. సూసేదెవరు?"

వాసవి కంచె అవతలికి చూసింది. "ఆ ఇంట్లో రెండు పొయ్యిలున్నట్టున్నాయే?"

"అచ్చమ్మ మొగుడు పోయిన పదోరోజు నుంచి. పోయిన వానాకాలంలో. అప్పటిదాకా ఒకే కంచంలో తినేవోరు ఆ తోడికోడళ్ళు. ఏటైందో ఎవులికీ తెలీదు. అడిగితే ఇద్దరూ ఏటీ లేదనే అంటారు."

శేషమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. వీరన్న ఆమె ఎడమవైపు నుంచి వెళ్ళి, దగ్గరగా వంగి, చేతులు జోడించాడు. ఆమె తల తిప్పలేదు. అతను మొహం ముడుచుకుని వెనక్కి వచ్చాడు.

"మనిషిని మనిషిగా చూడదు మేడమ్. నమస్తే పెడితే గోడకి పెట్టినట్టుంది."

వాసవి ఎదురుగా వెళ్ళి నిలబడింది. శేషమ్మ మొహం వెంటనే విప్పారింది.

"రా తల్లీ, కూకో. దూరంనుంచి వచ్చినట్టున్నావు."

"చుక్కలు ఎవరు వేస్తున్నారమ్మా?"

"మా అచ్చమ్మే. ఇంకెవులున్నారు నాకు?"

"నేనే ఏస్తన్నాను," అంది లోపలినుంచి ఒక గొంతు. అచ్చమ్మ టీ గ్లాసులతో వచ్చి వీరన్న ముందు ఆగింది. శేషమ్మ మూరెడు దూరంలో ఉంది. "ఆవిడని అడుగు బాబూ, పంచదార ఎయ్యాలో వద్దో."

వీరన్న అడిగాడు. "వద్దని చెప్పు బాబూ," అంది శేషమ్మ.

వాసవి టీ తాగుతూ ఆమె మొహాన్నే చూసింది. రెప్పలు పలచగా ఉన్నాయి. కంటి కొస నుంచి చెవి దాకా, రెండు చెంపల మీదా, వేలి వెడల్పున నల్లచార. దాని మీద సన్నటి నూగు.

"క్లినిక్కి కూడా ఇలాగే వస్తారా?"

"టౌనుకి వస్తూ పౌడరు రాసుకోకుండా వస్తానేటి!" అని నవ్వింది శేషమ్మ.

"ఆ దూలం మీది చేట అందిస్తారా?"

శేషమ్మ లేచింది. చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. "భుజం పట్టేసింది తల్లీ, పైకి రాదు."

తిరుగు బస్సులో వీరన్న అడిగాడు. "దొంగ దొరికాడా మేడమ్?"

"దొరకలేదు. కానీ నీ కోపం పనికొచ్చింది."

అతనికి అర్థం కాలేదు. అయినా గర్వంగా కిటికీ బయటికి చూశాడు.

మర్నాడు అదే అరుగు మీదికి వాసవి అందరినీ పిలిపించింది. డాక్టరు అపర్ణ, గోపీచంద్, కంచె మీదుగా మెడ చాచిన భూషణం, తలుపు పక్కన అచ్చమ్మ, నడుమ శేషమ్మ. ఆ రోజు ఆమె పౌడరు రాసుకోలేదు. వాసవే వద్దంది.

"డాక్టరుగారూ, ఆ చెంప చూడండి."

అపర్ణ దగ్గరికి వెళ్ళి, ఆ చార మీద వేలితో రాసి చూశారు.

"గోపీచంద్ నీళ్ళు నింపి ఉంటే చెంప నల్లబడేది కాదు," అంది వాసవి. "పక్కింటి తాతకి రెప్పలు పెరిగేవి కావు. ఇద్దరికీ ఒకే పెట్టె, ఒకే మందు. అది అసలైన మందే, రోజూ సీసాలోంచి బయటికి వస్తోంది. కంట్లో మాత్రం పడటం లేదు. ఈవిడ భుజం లేవదు. మంచం మీద పడుకుని, గురి తెలియకుండా నొక్కుతుంటే చుక్క చెంపమీదికి జారిపోతోంది. పోయిన వానాకాలం నుంచి ఇంతే."

గోపీచంద్ అరుగు అంచున కూలబడి చేతుల్లో మొహం దాచుకున్నాడు. వీరన్న అతని వీపు మీద చెయ్యి వేశాడు.

"మరి అచ్చమ్మగారు..." అన్నారు డాక్టరు.

"వెయ్యడం లేదు. ఇద్దరూ అబద్ధం చెప్పారు. చుక్కలు వేసే మనిషి లేదంటే మందు ఆపేస్తారన్న భయంతో శేషమ్మగారు. ఇంట్లో మాటలు లేవని బయటివాళ్ళ ముందు ఒప్పుకోలేక అచ్చమ్మగారు. అంతేనా?"

శేషమ్మ తల దించుకుంది. అచ్చమ్మ మాత్రం ఒక్కసారి ముందుకొచ్చింది.

"నేనెందుకు ఎయ్యాలి? పదోరోజున గాజులు తీసేసి నన్నా గుమ్మం పక్కన కూకోబెట్టేరు. ముత్తయిదువులు మొహం తిప్పుకుని ఎల్లేరు. అది ఆచారం, నేనేం అనుకోలేదు. కానీ ఈవిడా? నాకన్నా ముందే మొగుణ్ణి పోగొట్టుకుని అదే గోడకి ఆనుకుని కూకున్న మనిషి! నా మొహం సూడ్డానికి ఈవిడకేటి దోషం? సెయ్యి సాపేను. అక్కా అందామంటే గొంతు రాలేదు. నా పక్కనించే ఎల్లిపోనాది. కన్నెత్తి సూళ్ళేదు."

"ఏ రోజే?" అంది శేషమ్మ తెల్లబోయి. "నువ్వెందుకు మాటాడ్డం మానేసినావో నాకు తెలీనే తెలీదు."

"తెలీదంట!"

వాసవి అచ్చమ్మ చెయ్యి పట్టుకుని శేషమ్మకి ఎడమవైపు తీసుకెళ్ళి నిలబెట్టింది. ఆ రోజులాగే చెయ్యి చాపమని సైగ చేసింది. అచ్చమ్మ వేళ్ళు శేషమ్మ భుజానికి జానెడు దూరంలో ఆగాయి.

"శేషమ్మగారూ, ఎదురుగా డాక్టరుగారినే చూస్తూ చెప్పండి. మీ ఎడమపక్కన ఎవరున్నారు?"

"ఎవులూ లేరమ్మా."

భూషణం కంచె మీంచి ఇంకా ముందుకి వంగాడు.

"నిన్న వీరన్న ఇక్కడే నమస్తే పెట్టి కోపం తెచ్చుకున్నాడు," అంది వాసవి నెమ్మదిగా. "అదే కోపం ఈ ఇంట్లో ఏడాదిగా ఉంది. మందు ఆపింది ఆ కోపం. కోపం తెప్పించింది ఈ జబ్బు. మనుషుల్లో దొంగ ఎవరూ లేరు."

"పక్కచూపు అప్పటికే పోయి ఉంటుంది," అన్నారు డాక్టరు అపర్ణ. "అది ఇక రాదమ్మా. ఎదర ఉన్నంత చూపు నిలబెట్టుకోవాలి. ఆపరేషన్ ఇప్పుడు వద్దు. చుక్కలు సరిగా పడితే ఒత్తిడి ఎలా ఉంటుందో చూద్దాం."

అచ్చమ్మ చాపిన చెయ్యి ఇంకా దించలేదు. కాసేపటికి ఆ చేత్తోనే శేషమ్మ కొంగుముడి విప్పి సీసా తీసింది.

"తల ఎనక్కి వాల్చు," అంది.

శేషమ్మ వాల్చింది. రెండు కళ్ళల్లోనూ చుక్క పడింది. అచ్చమ్మ పమిట చెంగుతో ఆమె చెంపలు అద్దింది.

"సెయ్యి సాపేవా ఆ రోజు?" అని అడిగింది శేషమ్మ కళ్ళు మూసుకునే.

"సాపేను."

"ఏ వైపు?"

"ఇటేపే."

శేషమ్మ కళ్ళు తెరిచింది. మెడతో పాటు నడుము కూడా తిప్పి, ఒళ్ళంతా అటువైపు చేసుకుని, అచ్చమ్మ మొహాన్ని పూర్తిగా ఎదురుగా పెట్టుకుని, చాలాసేపు చూసింది.

రామలక్ష్మి
వయసు అరవై ఆరు
ఇప్పుడు ఉంటున్నది: రంగత్ బజారు వెనక, మధ్య అండమాన్