హనుమంతరావుగారి రాడార్

తాడేపల్లిగూడెంలో ఆ ఇంటి గేటు ముందు నిలబడి శ్రీహర్ష తడిసిన చొక్కా సర్దుకున్నాడు. ఏలూరులో రైలెక్కేటప్పుడు మొదలైన వాన ఇంకా వదల్లేదు. చేతిలో స్వీట్ల డబ్బా ఉంది. క్షమాపణ చెప్పడానికి ఏం పట్టుకెళ్ళాలో తెలియక కొన్నది.

శ్రీహర్ష ఏలూరులో ఇంట్లోనే కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తాడు. తీరిక దొరికితే ఇద్దరు స్నేహితులతో కలిసి, కంప్యూటర్‌లో యుద్ధవిమానం నడిపే సిమ్యులేటర్ తయారుచేస్తుంటాడు. అందులో రాడార్ పని అతనిది. దాన్ని పరీక్షించి తప్పులు చెప్పేవాళ్ళలో ఒకరు తాడేపల్లిగూడెం హనుమంతరావుగారు. మూడు నెలలుగా ఆయన మెయిల్ చదవందే శ్రీహర్షకి రోజు మొదలయ్యేది కాదు.

పేచీ ఒక్కచోట వచ్చింది. విమానం పక్కకి ఒరిగితే, ముక్కులో ఉన్న రాడార్ డిష్ ఎదురు తిరిగి తన చూపును నేలకి సమంగా నిలుపుకుంటుంది. శ్రీహర్ష రాడార్ మాత్రం విమానం తలకిందులైనా అలాగే నిలిచేది.

"నిజమైన డిష్‌ని తిప్పే మోటార్లకి హద్దు ఉంటుంది. అది దాటితే చూపు కూడా ఒరగాలి. ఎదుటి విమానం తెర మీంచి పోవాలి" అని హనుమంతరావుగారు పదకొండు మెయిళ్ళు రాశారు. పన్నెండోది వచ్చేసరికి శ్రీహర్షకి విసుగొచ్చింది. "విమానాల సంగతి తెలియని ఆడవాళ్ళు అడిగినట్టు అడుగుతున్నారు సార్" అని జవాబిచ్చాడు.

ఆ తర్వాత మెయిళ్ళు ఆగిపోయాయి. నాలుగు రోజులకి మళ్ళీ లెక్కలు వేసి చూస్తే పెద్దాయన చెప్పిందే నిజమని తేలింది. క్షమించమని రాశాడు. జవాబు లేదు. రెండు వారాలు చూశాడు. టెస్టర్లకి టీషర్టులు పంపిన కొరియర్ చీటీలో అడ్రసు దొరికింది.

బెల్ కొడితే అరవై ఏళ్ళాయన తలుపు తీశారు.

"హనుమంతరావుగారేనాండీ?"

"నేనే బాబూ. ఏలూరు నుంచేనా?"

"అవునండీ."

"రండి రండి. మీ కోసమే చూస్తున్నాం. మీ వాళ్ళెవరూ రాలేదా?"

"లేదండీ. తప్పు నాది కదండీ. ఒక్కణ్ణే వచ్చాను."

హనుమంతరావుగారు ఆ మాటకి ఒక క్షణం ఆలోచించి, అర్థంకాక, సోఫా చూపించారు. రిటైరైన లెక్కల మాస్టారు ఆయన. ఎదురుగా కూర్చుని సూటిగా అసలు సంగతికొచ్చారు.

"మీది స్థిరమైనదేనా బాబూ? ఈ రోజుల్లో అది చూసుకోవాలి కదా."

మొదటి మాటే రాడార్ గురించి వచ్చేసరికి శ్రీహర్ష తల దించుకున్నాడు. "మీరన్నదే నిజమండీ. అరవై డిగ్రీల దాకా స్థిరంగా ఉంటుంది. ఆ తర్వాత ఉండకూడదండీ."

"ఉండకూడదా?"

"ఉంటే అబద్ధమండీ. పోవాల్సిందే."

"పోతే మరెలా?"

"మళ్ళీ వెతుక్కోవచ్చండీ. అంత కష్టం కాదు. ఒకేసారి నాలుగింటి మీద కన్నేసి ఉంచొచ్చు."

హనుమంతరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాలుగింటి మీదా?"

"గట్టిగా పట్టుకునేది మాత్రం ఒక్కదాన్నేనండీ."

లోపలి గది తలుపు దగ్గర ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. పట్టుచీర కట్టుకున్న అమ్మాయి బయటికొచ్చింది. ఆవిడ మేధ, ఆయన కూతురు. అక్కడే ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది.

"నాన్నగారూ, ఈయన పెళ్ళికొడుకు కాదు. నా కోసం వచ్చారు."

"నీ కోసమా?" అన్నారు హనుమంతరావుగారు.

"పెళ్ళికొడుకా?" అన్నాడు శ్రీహర్ష.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. సంబంధం తెచ్చిన దేవరాజుగారు. ఏలూరు నుంచి వస్తుంటే గుండుగొలను దగ్గర కారు ఆగిపోయిందనీ, పెళ్ళివారు మరో రోజు వస్తారనీ చెప్పారు.

మేధ శ్రీహర్ష వైపు తిరిగింది. "మీకు మెయిళ్ళు రాసింది నేను."

"మరి సార్ పేరు?"

"ఇంతకుముందు ఇంకో సిమ్యులేటర్ గ్రూపులో నా పేరుతోనే రాసేదాన్ని. రాడార్ గురించి ఒక్కరూ జవాబివ్వలేదు. ఫొటో పంపమన్నారు. అందుకని నాన్నగారి పేరు పెట్టుకున్నాను. మీరు ప్రతి మెయిలూ చదివారు, వాదించారు, బావుంది అనుకున్నాను. చివరికి మీరూ ఆడవాళ్ళకేం తెలుసన్నారు."

శ్రీహర్ష లేచి నిలబడ్డాడు. "క్షమించండి" అన్నాడు మెల్లగా.

"ఎవర్ని? నన్నా, నాన్నగారినా?"

"తెలియట్లేదండీ. ఇద్దర్నీ."

"రాడార్ సరిచేశారా?"

సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు. మేధ కొంగు దోపుకుని కూర్చుని విమానాన్ని ఒరిగించింది. అరవై దాటగానే తెర మీద చుక్క జారిపోయింది. తిన్నగా చేస్తే చప్పున తిరిగొచ్చింది.

"ఇది తప్పు. తిరిగి దొరకడానికి టైము పట్టాలి."

"ఎంత పట్టాలండీ?"

"అది కదా మనం తేల్చాల్సింది."

ఇద్దరూ ఒకే తెర మీదకి వంగారు. మేధ తల్లి శేషారత్నం కాఫీలు తెచ్చి భర్తని పక్కకి పిలిచింది. "ఏవండీ, పెళ్ళిచూపులు అయినట్టా, కానట్టా?"

"నాకూ తెలియడం లేదు" అన్నారాయన.

వారానికి కొత్త వెర్షన్ విడుదలైంది. తప్పు పట్టి సరిచేయించినది మేధ అని దాని వివరాల్లో మొదటి వరసలోనే ఉంది. దేవరాజుగారి సంబంధాన్ని మేధ ఫోన్‌లోనే వద్దంది.

నెల తర్వాత తండ్రీకూతుళ్ళు కొల్లేరులో పక్షుల్ని చూడ్డానికి ఆటపాక వెళ్ళారు. మేధ రమ్మంటే శ్రీహర్షా వచ్చాడు. పడవ ముందు భాగంలో హనుమంతరావుగారు గూడబాతుల్ని చూస్తున్నారు. వెనక వీళ్ళిద్దరూ కూర్చున్నారు. ఇరవై నిమిషాలుగా శ్రీహర్ష ఏదో అనబోయి మానేస్తున్నాడు.

"చెప్పండి" అంది మేధ.

"మెయిల్ రాని ఆ రోజులన్నీ నాకు అన్నం సయించలేదండీ. రిటైరైన ఒక పెద్దాయన మీద నాకింత బెంగేమిటని భయపడ్డాను కూడా."

మేధ నవ్వలేదు. నీళ్ళలో వేళ్ళు ముంచి, "ఇప్పుడో?" అంది.

"ఇప్పుడు అర్థమైందండీ. అది మీ మీద. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, మెయిళ్ళు మాత్రం ఆపకండి."

ముందు నుంచి హనుమంతరావుగారు తల తిప్పారు. "ఏమిటమ్మా గుసగుసలు? ఏమంటాడు?"

"వచ్చే ఆదివారం వాళ్ళమ్మగార్ని మనింటికి తీసుకొస్తారట నాన్నగారూ."

శ్రీహర్ష ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కళ్ళు దించలేదు.

"అవునండీ" అన్నాడు పెద్దాయనతో. "పొద్దుటి రైలుకే వస్తామండీ."