స్పిరిట్ గోదాములో సున్నా

కొవ్వూరు దాటాక కాలవగట్టు మీద ఓ రేకుల గోదాముంది. దీపాలు పెట్టే వేళ దాటితే దాని ముందు ఎవరూ హారన్ కొట్టరు. కొడితే లోపలున్నవాళ్లు ఇటు తిరుగుతారట — చూడ్డానికి కాదు, వినడానికి. వాళ్లకి చూపు లేదు. ఒకప్పుడు అక్కడి పీపాల్లో ఉన్న మిథనాల్ అనే విషపు స్పిరిట్‌ని సారా అనుకుని తాగి, ముందు కళ్లు, తర్వాత ప్రాణాలు పోగొట్టుకున్న కూలీలు వాళ్లు.

అక్కడ హరిబాబుకి జరిగింది, విన్నది విన్నట్టు చెబుతున్నాను.

హరిబాబు రాజరత్నం గారి వర్క్‌షాపులో గ్యాస్ మీటర్లు తయారుచేస్తాడు. మిథనాల్ ఆవిరి తగిలితే మీటరు లోపలి చిన్న సెల్‌లో కాస్త కరెంటు పుడుతుంది, తెర మీద అంకె లేస్తుంది. అతని మీటరంటే వర్క్‌షాపుకే గొప్ప — శ్రీదుర్గ వచ్చేదాకా. ఆ పిల్ల చేరి ఏడాది కాలేదు. ఆమె చేసిన సెల్ మిథనాల్‌కి తప్ప దేనికీ కదలదు.

"ఏమయ్యా హరిబాబూ, నీది సెంటు కొట్టుకున్నా కూస్తుందటగా? పెళ్లిళ్లకి తీసుకెళ్లకు," అన్నారు రాజరత్నం గారు అందరి ముందూ.

అందరూ నవ్వారు. శ్రీదుర్గ నవ్వలేదు. అతనికి అదే ఇంకా మండింది.

ఇంతలో గోదాము కొత్తగా అద్దెకి తీసుకున్నాయన వచ్చాడు. తెల్లారితే మనుషులు పాత పీపాలు బయటికి తీస్తారు, లోపల గాలి ఎలా ఉందో ఈ రాత్రికే చూసి చెప్పమన్నాడు.

"ఇద్దరూ వెళ్లండి. ఎవరి మీటరు నిజం చెబితే రేపట్నించి అదే మన మీటరు," అన్నారు రాజరత్నం గారు.

బయల్దేరే ముందు దూదికి మిథనాల్ చుక్క అద్ది మీటరు ముందు పెట్టి, అంకె లేస్తోందో లేదో చూసుకోవడం వాళ్ల పద్ధతి. శ్రీదుర్గ చూసుకుంది. చేతులు కడుక్కోడానికి వెళ్లింది.

ఆ కాస్త సందులో... హరిబాబు ఆమె మీటరు మూత తీసి, మంచి సెల్ లాగేసి, లోపల ద్రవం ఎండిపోయిన పాత సెల్ పెట్టేశాడు.

చచ్చిన సెల్ సున్నా చూపిస్తుంది. మంచి గాలికీ సున్నాయే. తన మీటరు మోగుతుంటే ఆమెది నోరు మూసుకుని కూర్చోవాలి — అతను కోరుకున్నది అంతే.

దారిలో అతని బండి చైను ఊడింది.

"మీరు నెమ్మదిగా రండి. నేను ముందెళ్లి తలుపు తీసుంచుతాను," అని శ్రీదుర్గ స్కూటీ మీద వెళ్లిపోయింది.

చైను ఎక్కిస్తుంటే అప్పుడు తట్టింది హరిబాబుకి. ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగదు. సున్నా చూసుకుని లోపలికి నడుస్తుంది... పీపాల మధ్యదాకా నడుస్తుంది...

ఫోన్ చేశాడు. ఎత్తలేదు. బండి అక్కడే పడేసి పరుగెత్తాడు.

గోదాము తలుపు బార్లా తీసి ఉంది. గడప దగ్గరికి వెళ్లేసరికి అతని చేతిలో మీటరు — అరవై... నూట నలభై... రెండొందలు దాటి కూత అందుకుంది.

"శ్రీదుర్గా..."

"ఇక్కడున్నానండి."

గొంతు వెనకనించి వచ్చింది. గట్టున రాయి మీద కూర్చుని ఉంది. ఒళ్లో మీటరు, తెర మీద సున్నా.

హరిబాబు గబగబా ఆమె దగ్గరికి వచ్చాడు. "లోపలికి వెళ్లలేదా?"

"సున్నాయే కదా అని వెళ్లబోయానండి. గుమ్మం పక్కనించి ఎవరో ముసలాయన చెయ్యి అడ్డం పెట్టారు. 'రాకమ్మా, గాలి బాలేదు,' అన్నారు. మీటరు చూపించాను. ఆయన చూళ్లేదు... వేళ్లతో తడిమారు."

"ఇక్కడ కాపలా ఎవరూ లేరే," గొణిగాడు హరిబాబు.

"ఏమోనండి. మూత తడిమి, చటుక్కున చెయ్యి తీసేసుకున్నారు. 'దీని ప్రాణం తీసినోడు నీ వెనకాలే వస్తున్నాడా అమ్మా?' అని అడిగారు. నాకేం అర్థం కాలేదు. మా హరిబాబు గారొస్తున్నారని చెప్పాను."

"ఏమన్నాడు?"

శ్రీదుర్గ తెరిచున్న తలుపు వైపు చూసింది.

"'అయితే లోపలే కూర్చుంటాను, రమ్మను,' అన్నారండి."